కొలత తప్పిన సీటు

ఆ పొద్దున పేపర్లో మెకానిక్ ఫోటో పడింది. బావ అయిన రేసు ఛాంపియన్ శవం ఇంకా ఇంట్లో ఉండగానే అతన్ని గుమ్మంలోంచి నడిపించి జీపెక్కిస్తున్న ఫోటో. వెనక అతని అక్క తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఒక్కరోజు తేడాలో మొగుణ్ణీ తమ్ముణ్ణీ పోగొట్టుకున్న మనిషి మొహం అది. కింద వార్తలో డిటెక్టివ్‌ను ఆకాశానికెత్తారు. రేసు కారును ఇలా చూసి అలా లోపం పట్టేసిందట. సీటుకు ఎడమవైపు ఉండాల్సిన రెండు బోల్టులూ లేవనీ, వాటిని బిగించని మెకానిక్ నిర్లక్ష్యమే ఛాంపియన్ ప్రాణం తీసిందనీ తేల్చింది ఆవిడేనట.

నిన్న ఆ మాట చెప్పినప్పుడు తను ఎంత ధీమాగా చెప్పిందో డిటెక్టివ్‌కు గుర్తుంది. ఆ గుర్తే ఇప్పుడు కాల్చుకు తింటోంది. పేపరు మడవకముందే అంబులెన్సు అతను ఫోన్ చేశాడు మరి.

"బోల్టుల సంగతి నాకు తెలీదు మేడం. కానీ ఈ రేసు సీట్లలోంచి మనిషిని తీయాలంటే మాకు తల ప్రాణం తోకకొస్తుంది. అంత బిగుతుగా ఉంటాయి. ఛాంపియన్‌ని మాత్రం ఇంట్లో కుర్చీలోంచి లేపినట్టు లేపేశాం. అప్పుడే అనుకున్నా, ఇదేంటిలా వచ్చేశాడని. చెప్పాలనిపించింది, చెప్పాను."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఛాంపియన్ భార్య మొదటిరోజే ఒక మాట అంది. ఆయన ఊపిరి బిగబడితే తప్ప ఆ సీట్లో దిగలేడని, రేసు అయిపోయాక పక్కటెముకలు కమిలిపోయి ఇంటికొచ్చేవాడని. ఆ మాట విని కూడా వినిపించుకోలేదు తను. కనీసం ఆ సీట్లో ఒక్కసారి కూర్చుని చూడలేదు. చూపించిన చోట చూసి, చూసినదాన్నే నిజమనుకుంది.

గ్యారేజీ తాళాలు చిన్నోడి దగ్గర ఉన్నాయి. ఛాంపియన్ తమ్ముణ్ణి జట్టులో అందరూ అలాగే పిలుస్తారు. అన్న ఉన్న జట్టులోనే అతను రెండో డ్రైవరు. అన్న పోయిన రోజునే డిటెక్టివ్ ఆఫీసుకొచ్చి, కుర్చీలో కూర్చోలేక నిలబడే ఏడ్చి, ఈ కేసు ఆమెకు అప్పగించింది అతనే.

"మళ్ళీ చూస్తారా అక్కా?" అన్నాడు షట్టర్ ఎత్తుతూ. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"చూడాలి. నేను తొందరపడ్డానేమోనని అనుమానంగా ఉంది."

అతను లైట్లన్నీ వేసి పక్కకు తప్పుకున్నాడు.

కారు ఎడమవైపు నొక్కుకుపోయి ఉంది. మలుపులో జారి టైర్ల గుట్టకు తగిలిందంతే. ఆ పాటి దెబ్బకు డ్రైవరు దులుపుకుని దిగి, మెకానిక్‌ను నాలుగు తిట్లు తిట్టి, టీ తాగడానికి పోవాలి. కానీ సీటు ఎడమవైపు ఊడిపోయి, నడుము దగ్గర విరిగి, మనిషిని తీసుకెళ్ళి ఇనప చట్రానికి కొట్టింది.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని టార్చి లోపలికి వేసింది. సీటును నేలకు కలిపే ఇనప పట్టీలు రెండు, కుడి ఎడమల. కుడి పట్టీకి బోల్టులు ఉన్నాయి. ఎడమ పట్టీ రంధ్రాలు ఖాళీ. నిన్న అంతవరకే చూసింది. ఇవాళ వేలు పెట్టి తడిమింది. వదులైన బోల్టు ఊగుతూ ఊగుతూ రంధ్రం అంచును కోలగా అరగదీస్తుంది, రంగు లేపేస్తుంది, మెరుపు తేలుస్తుంది. ఇక్కడ సీటు రంధ్రాల అంచున రంగు కొత్త గోడలా చెక్కుచెదరకుండా ఉంది. అంటే ఈ రంధ్రాల్లోకి బోల్టు ఎప్పుడూ దిగలేదు. పట్టీ రంధ్రానికీ సీటు రంధ్రానికీ అసలు పొంతన కుదరదు. ఆ పట్టీలు ఈ సీటు కోసం చేసినవి కావు.

"చిన్నోడూ, దీన్ని బయటికి తీయాలి. పట్టుకుంటావా?"

ఇద్దరూ కలిసి విరిగిన సీటును నేల మీద పెట్టారు. ఆమె అందులో కూర్చుంది. ఒడ్డూ పొడుగూ ఛాంపియన్‌కు తక్కువేం కాదు. తుంటి పక్కన సందులోకి చెయ్యి పోనిచ్చింది. వేళ్ళు దూరాయి. పిడికిలి బిగించి పెట్టింది. పిడికిలి కూడా దూరింది. కొలత కుదిరిన సీట్లో అక్కడ అరచెయ్యి దూరడమే గగనం.

"మీ అన్నయ్య పాత సీటేది?"

"పాత సీటేంటక్కా? ఇదే కదా."

"కాదు. ఇది ఇంకెవరిదో. రేసుకు ముందురోజు సాయంత్రం ఇక్కడ ఎవరెవరున్నారు?"

"అన్న, మెకానిక్ బావ. నేను ముందే వెళ్ళిపోయాను." అతను పెదవి కొరుక్కున్నాడు. "అంటే బావ తప్పు లేదంటారా?"

ఆమె జవాబు చెప్పేలోపు బయట జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చి, నేల మీద సీటునూ, సీట్లో ఆమెనూ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. మనిషి భారీగా ఉంటాడు. డిటెక్టివ్ అనే జాతి మీదే అతనికి కడుపుమంట. నిన్న మాత్రం మొదటిసారిగా ఆమెను చూసి నవ్వాడు.

"సాక్ష్యం మీద కూర్చున్నారేంటి మేడం?"

"ఇది కూర్చోడానికి చేసిన వస్తువే కదండీ. నిన్న ఆ పని చేయకపోవడమే నా తప్పు. మెకానిక్‌ని వదిలేయండి. అతను చేసింది కాదు."

"అలాగా." అతను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "నిన్న ఇదే చోట నిలబడి ఏం చెప్పారు? అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. సంతకం కూడా పెట్టారు. ఇవాళ నాలుక మడతేస్తే నేను పైవాళ్ళ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?"

"నా మొహం పెట్టుకుని నిలబడండి. డిటెక్టివ్ తప్పు చెప్పిందని రాయండి. పేపరువాళ్ళకి కూడా నేనే చెప్తాను."

"మీరు చెప్తారు, వాళ్ళు రాస్తారు, జనం నన్ను చూసి నవ్వుతారు. ఒక ఆడమనిషి మాట పట్టుకుని శవం లేవకుండానే బేడీలేశాడంటారు."

"వేయమని నేను చెప్పలేదు."

"వద్దని కూడా చెప్పలేదుగా."

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. నిజమే. జీపు కదులుతుంటే తను వీధిలోనే ఉంది. మెకానిక్ అక్క తన వైపే చూసింది. తను మాత్రం ఎటో చూసింది. ఆమె తలెత్తింది.

"చెప్పలేదు. ఒప్పుకుంటున్నాను. ఒక్కసారి మీరు కూడా ఇందులో కూర్చోండి."

"నేనా?"

"మీరే. ఛాంపియన్ సీట్లో మీరు పట్టకూడదు. పట్టారంటే అది ఛాంపియన్ సీటు కాదు."

అతను చుట్టూ చూసి, వెంటవచ్చిన కానిస్టేబుల్‌ను ఓసారి ఉరిమి, సీట్లో కూలబడ్డాడు. హాయిగా పట్టాడు. పొట్ట కూడా ఎక్కడా ఒరుసుకోలేదు. కానిస్టేబుల్ గోడవైపు తిరిగి దగ్గాడు. ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి.

"చూశారుగా. సీటు మార్చేశారు. మార్చింది మెకానికే అయితే రంధ్రాలు కుదరని సీటు సగం బిగించి వదిలేయడు. చేతకానివాళ్ళో, కావాలని చేసినవాళ్ళో చేసిన పని ఇది. ఇంకొకటి చూడండి." ఆమె సీటు తొడుగు జిప్పు లాగింది. విరిగిన చోట లోపల జిగురు పూసి అతికిన మచ్చ ఉంది, పాతది, రంగు వేసి కప్పేసింది. "ఇది మొన్న విరగలేదు. అంతకుముందే ఒకసారి విరిగింది. అతికిన దాన్ని కొత్తదానిలా ముస్తాబు చేశారు. వెనక భద్రత లేబుల్ కూడా ఈ ఏడాదిదే అంటించారు."

ఇన్‌స్పెక్టర్ లేచి, మచ్చ మీద బొటనవేలు రుద్దాడు. చాలాసేపు రుద్దాడు. తర్వాత స్టేషన్‌కు ఫోన్ కలిపి, మెకానిక్‌కు ఇమ్మన్నాడు. "మాట్లాడండి. స్పీకర్ ఆన్‌లోనే ఉంటుంది. నాకు తెలియకుండా ఏమీ జరగడానికి వీల్లేదు."

"నేను, డిటెక్టివ్‌ని," అంది ఆమె. "నీ మీద అన్యాయంగా చెప్పాను. సీటు మార్చేశారని ఇవాళ తెలిసింది. నన్ను క్షమించు బాబూ."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"మా అక్కకి చెప్పారా మేడం?"

"ఇంకా లేదు."

"ముందు ఆమెకి చెప్పండి."

"చెప్తాను. సీటు మారిన సంగతి నీకు తెలుసా?"

"నాకు అనుమానమే. బావ ఈమధ్య లావయ్యాడు. సీట్లో దిగలేకపోతున్నాడు. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు. జట్టు ఓనరుకి తెలిస్తే ఛాంపియన్ పనైపోయింది, తప్పుకోమంటాడని భయం. మీరు నిన్న అడిగినప్పుడు నోటిదాకా వచ్చింది. పోయిన మనిషి పరువు తీయలేక ఊరుకున్నాను."

"ఆ సాయంత్రం గ్యారేజీలో సీటు మార్చింది ఎవరు?"

"నేను లేను. నన్ను ముందే ఇంటికి పంపించేశారు."

"ఎవరు పంపించారు?"

"బయటికొచ్చాక చెప్తాను మేడం. ఇంటి విషయం. మా అక్క ముందే చెప్తాను."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేసి, నిట్టూర్చాడు. "ఊరికే వదలడం కుదరదు. ఎవరైనా పూచీ పడితే చూద్దాం. ఎవరు పడతారు? అతనికి అక్క తప్ప ఎవరూ లేరుగా."

"నేను పడతాను," అన్నాడు చిన్నోడు. మూల నుంచి ముందుకొచ్చాడు. "మా బావే కదా. ఇప్పుడే వస్తాను. నేనే ఇంటికి తీసుకెళ్తాను."

డిటెక్టివ్ కళ్ళు చెమర్చాయి. తను పాడుచేసినదాన్ని ఈ కుర్రాడు సరిచేస్తున్నాడు. అతని భుజం మీద చెయ్యి వేసి, "మీ వదినకి నేను సాయంత్రం వచ్చి మొహం చూపిస్తానని చెప్పు," అంది.

* * *

పట్టణంలో రేసు సీట్లు కొలిచి అమర్చే షాపు ఒకటే. యజమాని ముసలాయన. సీట్లాయన అంటేనే తెలుస్తుంది. గాజు తలుపుకు మూసినట్టు బోర్డు తగిలించి ఉన్నా, లోపల ఆయన స్టూలు మీద కూర్చుని కనిపించాడు. ఆమె తలుపు తట్టింది. ఆయన లేచి తీశాడు గానీ, కళ్ళలోకి చూడలేదు.

"ఛాంపియన్ సీటు మీరే ఇచ్చారా?"

"ఇచ్చాను. ముందు ఇచ్చినది నేనే." ఆయన మాట తప్పించుకోలేదు, కానీ చేతులు మాత్రం తువ్వాలును నలుపుతూనే ఉన్నాయి. "నా దగ్గర సీటు ఊరికే అమ్మనమ్మా. రేసుకు తొడుక్కునే బట్టలు తొడిగిస్తాను, హెల్మెట్ పెట్టిస్తాను, అప్పుడు కూర్చోబెడతాను. తుంటి కదలకూడదు. పక్కటెముకలు పట్టి ఉంచాలి గానీ ఊపిరి ఆడాలి. బెల్టు దూరే కంతలు భుజాల ఎత్తుకు రావాలి. తలకు రెండు పక్కలా ఆసరా ఉండాలి, పక్క చూపు కూడా పోకూడదు. ఇన్ని చూసి, లేబుల్ మీద గడువు చూపించి, అప్పుడిస్తాను. చూడ్డానికి బాగుందని సీటు కొనేవాణ్ణి నేను బయటికి పంపిస్తాను."

"మళ్ళీ ఎప్పుడొచ్చాడు?"

ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"చూడండి. నేను నిన్న ఒక అమాయకుణ్ణి జైలుకి పంపాను. నాకంటే ఎక్కువ సిగ్గుపడాల్సిన పని మీరేదీ చేసుండరు. చెప్పండి."

ముసలాయన తువ్వాలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వచ్చాడు. షాపులో ఎవరూ లేని వేళ చూసి, వెనక తలుపు నుంచి. తన కొలత సీట్లో కూర్చుని ఇరుక్కుపోయాడు. నేను లాగితే గానీ బయటపడలేదు. ముందు నవ్వాడు. తర్వాత అదే సీటు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఒక సైజు పెద్దది తెప్పిస్తానన్నాను. తెప్పిస్తే కాగితాలు ఓనరు దగ్గరకెళ్తాయి, వద్దన్నాడు. అదిగో, ఆ మేకుకు వెడల్పు సీటు ఒకటి వేలాడేది. అది ఇవ్వమన్నాడు. ఇవ్వనన్నాను. అది ఒకసారి ప్రమాదంలో విరిగి వచ్చిన సీటు. విరిగిన సీటు పైకి ఎంత బాగున్నా వాడకూడదని కుర్రాళ్ళకి చూపించడానికి అతికి, రంగు వేసి పెట్టుకున్నాను. దాని లేబుల్ కూడా బ్లేడుతో నేనే గీకేశాను."

"కానీ దాని మీద లేబుల్ ఉంది." ఆమె పొద్దున ఫోన్‌లో తీసిన ఫోటో చూపించింది.

సీట్లాయన కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కున్నాడు. ఫోటోను పెద్దది చేశాడు. ఆయన వేలు లేబుల్ మూల దగ్గర ఆగిపోయింది. అక్కడ కాగితం వేడికి ముడుచుకుపోయినట్టు చిన్న మడత ఉంది.

"ఈ ముడత నా చేతిదే," అన్నాడు మెల్లగా. "ఎడమ తుంటి దగ్గర స్పాంజి మెత్తబడడానికి వేడిగాలి కొట్టాను. లేబుల్ మూల ముడుచుకుంది. తనిఖీవాళ్ళు ఏమైనా అంటారేమోనని ఆ కుర్రాడు నాతో పోట్లాడాడు కూడా. ఈ లేబుల్ చిన్నోడి సీటుది. వాళ్ళ అన్నది కాదు."

పొద్దున స్పీకర్‌లో మెకానిక్ మాట్లాడుతుంటే, గ్యారేజీ మూలన కదలకుండా నిలబడ్డ మనిషి ఆమె కళ్ళ ముందు మెదిలాడు. అసలు బోల్టులు చూడమని నిన్న తన వెంటపడింది ఎవరు? టార్చి పట్టుకుని ఎడమవైపు వెలుతురు వేసింది ఎవరు?

"వెడల్పు సీటు షాపులోంచి ఎలా పోయింది?"

"చిన్నోడే వచ్చి తీసుకెళ్ళాడు." ముసలాయన తువ్వాలు మళ్ళీ చేతుల్లోకి తీసుకున్నాడు. "అన్న ఇంట్లో కూర్చుని కొలత చూసుకుంటాడు, మొహం చెల్లక నన్ను పంపాడు, అన్నాడు. నేను కాదనాల్సింది. ఛాంపియన్ ఏడవడం చూశాక కాదనలేకపోయాను. కానీ చెప్పానమ్మా. అతని వేలు పట్టుకుని ఆ అతుకు మీద పెట్టి మరీ చెప్పాను. చిన్న దెబ్బ తగిలినా ఇక్కడే విరుగుతుంది, కారులో మాత్రం బిగించొద్దని. సరే తాతా అన్నాడు. ఛాంపియన్ పోయాడని తెలిసిన రోజు నుంచి షాపు తీయలేదు. ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని ఎదురుచూస్తూ, ఎవరూ రాకూడదని కోరుకుంటూ కూర్చున్నాను."

అన్న పక్కకు తప్పుకుంటే జట్టులో మొదటి కారు ఎవరికి వస్తుందో ఎవరినీ అడగక్కర్లేదు. ఆమె అప్పటికే ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేస్తోంది.

"మెకానిక్‌ని వదలొద్దు. నేను వచ్చేదాకా లోపలే ఉంచండి."

"పొద్దున వదలమన్నారు, ఇప్పుడు వదలొద్దంటున్నారు. నన్ను చూస్తే మీకు ఎలా కనిపిస్తున్నాను మేడం? చిన్నోడు సంతకం పెట్టి ఎప్పుడో తీసుకెళ్ళాడు."

"అతనే చేశాడు ఇన్‌స్పెక్టర్ గారూ. సీటు మార్చింది చిన్నోడే. తనను ఇంటికి పంపించేసింది ఎవరో మెకానిక్‌కి తెలుసు. ఆ సంగతి చిన్నోడు మన పక్కనే నిలబడి విన్నాడు."

అవతలి నుంచి వెటకారం రాలేదు. "మీరెక్కడున్నారు?" అన్న ప్రశ్న మాత్రం వచ్చింది. "సీట్ల షాపులో," అంది ఆమె. జీపు స్టార్టయిన చప్పుడుతో ఫోన్ కట్టయింది.

నిన్న తప్పు చెప్పి అతన్ని జైలుకి పంపింది. ఇవాళ నిజం కనుక్కుని, హంతకుడి కారులో తనే ఎక్కించింది. చెంపలు మండిపోతుండగా ఆమె ఛాంపియన్ భార్యకు ఫోన్ కలిపింది. అది మోగుతూనే ఉంది. షాపు ముందు కారు ఆగింది.

చిన్నోడు గాజు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ఒక్కడే. ఏదో కడుక్కుని వచ్చినట్టు చొక్కా చేతులు మోచేతిదాకా తడిసి ఉన్నాయి.

"మీ కారు బయట చూశానక్కా. ఇక్కడే ఉంటారనుకున్నా."

"మీ బావ ఏడి?" అంది ఆమె.

"ఇంటి దగ్గర దింపేశాను. వదిన ఒక్కతే ఉందిగా పాపం."

ఆమె చేతిలో ఫోన్ మోగడం ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఛాంపియన్ భార్య గొంతు ముగ్గురికీ స్పష్టంగా వినిపించింది.

"మేడం, మా తమ్ముణ్ణి వదిలేశారని స్టేషన్‌లో చెప్పారు. అప్పట్నుంచీ గుమ్మంలోనే కూర్చున్నాను. ఇంకా రాలేదేంటి?"

ముసలాయన స్టూలు వెనక్కి జరిపిన చప్పుడైంది. చిన్నోడు ఆ ఫోన్ వైపు చూశాడు. తర్వాత ఖాళీగా ఉన్న మేకు వైపు, దాని కింద నిలబడ్డ ముసలాయన వైపు చూశాడు. వెనక్కి తిరిగి, గాజు తలుపు మూసి, లోపల గడియ పెట్టాడు.